గర్భిణికి షుగర్ పరీక్ష: ఒకే రక్తం, రెండు తీర్పులు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటలయ్యాక వేలికొన నుంచి చుక్క రక్తం తీసి 'షుగర్ లేదమ్మా' అని పంపిస్తారు. అదే నెలలో ప్రైవేటు ల్యాబ్‌లో పరగడుపున చేయించుకుంటే 'గర్భధారణ మధుమేహం' అని రిపోర్టు వస్తుంది. అమెరికాలో ఉన్న కూతురికి ముందు 50 గ్రాముల గ్లూకోజ్ ఇస్తారు, బ్రిటన్‌లో ఉన్న కోడలికి నేరుగా 75 గ్రాములు ఇస్తారు. ఎక్కడో ఎవరో పొరపాటు చేశారన్న అనుమానం రావడం సహజం. చాలాసార్లు పొరపాటేమీ ఉండదు. ఒక్కో చోట ఒక్కో కొలబద్ద వాడుతున్నారు, అంతే.

క్లుప్తంగా: గర్భిణుల్లో రక్తంలో చక్కెర పెరిగేకొద్దీ బిడ్డకు ముప్పు మెల్లమెల్లగా పెరుగుతుంది తప్ప ఒక అంకె దగ్గర ఒక్కసారిగా మొదలవదు. గీత ఎక్కడ గీయాలన్నది వైద్యులు కూర్చుని తీసుకున్న నిర్ణయమే. పరగడుపుతో పనిలేని మన ప్రభుత్వ పద్ధతి ఎక్కువ మందికి అందుతుంది, కానీ పరగడుపు చక్కెర మాత్రమే పెరిగిన వారిని వదిలేస్తుంది. పద్ధతుల మధ్య ఉన్న తేడా కంటే, రక్తం తీసిన ట్యూబు ఎంతసేపు బల్ల మీద ఉండిపోయిందన్నదే ఒక్కోసారి ఫలితాన్ని తేల్చేస్తుంది.

రెండు రిపోర్టులు పక్కపక్కన

ఇద్దరు గర్భిణులను ఊహించుకుందాం. ఇద్దరికీ 26వ వారం. ఇద్దరూ పరగడుపున వచ్చి 75 గ్రాముల గ్లూకోజ్ తాగారు. మొదటామెకు పరగడుపున 94, గంటకు 171, రెండు గంటలకు 138 వచ్చింది. రెండో ఆమెకు వరుసగా 84, 168, 146. (ఈ వ్యాసంలో అంకెలన్నీ డెసీలీటరుకు మిల్లీగ్రాముల లెక్క. లీటరుకు మిల్లీమోల్ లెక్కలో ఇచ్చే విదేశీ రిపోర్టును 18తో గుణిస్తే ఈ అంకె వస్తుంది.)

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నుంచి చెబుతున్న హద్దులు పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153. మూడింటిలో ఏ ఒక్కటి చేరినా మధుమేహమే. ఈ లెక్కన మొదటామెకు ఉంది, రెండో ఆమెకు లేదు. అదే సంస్థ 1999లో చెప్పిన హద్దులు పరగడుపున 126, రెండు గంటలకు 140. అప్పటి లెక్కలో తీర్పు తలకిందులవుతుంది: మొదటామెకు లేదు, రెండో ఆమెకు ఉంది. భారత ప్రభుత్వ మార్గదర్శకాలూ రెండు గంటల 140నే పట్టుకున్నాయి కాబట్టి ఇక్కడా రెండో ఆమెకే. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే నైస్ సంస్థ హద్దులు పరగడుపున 5.6 మిల్లీమోల్ (సుమారు 101), రెండు గంటలకు 7.8 (140). అక్కడా అంతే. ఆస్ట్రేలియా నిపుణుల సంఘం 2025లో తన హద్దులను సుమారు 95, 191, 162కు పెంచింది. కొత్త లెక్కలో ఈ ఇద్దరికీ లేదు. అంతకుముందు మెల్‌బోర్న్‌లో అయితే మొదటామెను మధుమేహం ఉన్నవారి కిందే జమకట్టేవారు. ఆమె ఒంట్లో ఏమీ మారలేదు, పుస్తకంలో అంకె మారింది.

గీత లేని చోట గీత

ఆరో నెల దగ్గర పడేసరికి మాయ నుంచి వచ్చే ల్యాక్టోజెన్, ప్రొజెస్టెరాన్ వంటి హార్మోన్లు తల్లి కండరాల మీద ఇన్సులిన్ పట్టును సడలిస్తాయి. తల్లి వాడుకోకుండా మిగిలిన గ్లూకోజ్ బిడ్డకు చేరాలన్నది ప్రకృతి ఏర్పాటు. క్లోమం ఇన్సులిన్ ఉత్పత్తిని రెట్టింపు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ చేసి లెక్క సరిచేస్తుంది. అలా చేయలేకపోయిన వారిలో చక్కెర పెరుగుతుంది. 24 నుంచి 28 వారాల మధ్య పరీక్ష పెట్టడానికి కారణం ఇదే. అంతకు ముందు చేస్తే సడలింపు ఇంకా పూర్తిగా మొదలవదు. మరీ ఆలస్యం చేస్తే చికిత్సకు వ్యవధి మిగలదు.

తల్లి రక్తంలోని గ్లూకోజ్ మాయను దాటి బిడ్డకు వెళ్తుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. అదనంగా వచ్చిన చక్కెరను సర్దుకోవడానికి బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ ఇన్సులిన్ బిడ్డకు కొవ్వు పట్టిస్తుంది, ముఖ్యంగా భుజాల దగ్గర, పొట్ట దగ్గర. కాన్పులో తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుపోవడానికి ఒక కారణం అదే. బొడ్డుతాడు కోయగానే తల్లి నుంచి గ్లూకోజ్ ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ జోరు మాత్రం తగ్గదు. పుట్టిన తొలి గంటల్లో బిడ్డకు చక్కెర పడిపోయేది అందుకే.

అయితే ఎంత చక్కెరను 'ఎక్కువ' అనాలి? దీన్ని తేల్చడానికే హాపో అనే అధ్యయనం జరిగింది. 9 దేశాల్లోని 15 కేంద్రాల్లో సుమారు 25,000 మంది గర్భిణులను పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో భారతీయ కేంద్రం ఒక్కటీ లేదు. బిడ్డ బరువు, తొలిసారి సిజేరియన్, బొడ్డుతాడు రక్తంలో ఇన్సులిన్ జాడ... ఏది చూసినా తల్లి చక్కెరతో పాటే క్రమంగా పెరిగాయి. ఫలానా అంకె దాటితేనే ప్రమాదం అనే మెట్టు ఎక్కడా కనిపించలేదు. చివరికి అంతర్జాతీయ నిపుణుల బృందం 2010లో ఒక ఒప్పందానికి వచ్చింది: సగటు చక్కెర ఉన్నవారితో పోలిస్తే ఈ ముప్పుల సంభావ్యత 1.75 రెట్లయ్యే చోట గీత గీద్దాం అని. 92, 180, 153 అలా వచ్చినవే. ఆస్ట్రేలియా ఇప్పుడు ఆ 1.75ను 2 రెట్లకు జరిపింది. రేపు ఇంకెవరైనా ఇంకోచోటికి జరిపితే ఆశ్చర్యపడనక్కర్లేదు.

బోస్టన్ నుంచి వచ్చిన రెండు మెట్ల పద్ధతి

ఈ పరీక్షల చరిత్ర మొదలైంది మాత్రం బిడ్డ గురించి కాదు. బోస్టన్‌లో ఓసల్లివాన్, మహాన్ 1964లో 752 మంది గర్భిణులకు 100 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేసి హద్దులు ప్రతిపాదించారు. కాన్పు తర్వాత ఏళ్లు గడిచాక ఏ తల్లికి మధుమేహం వస్తుందో ముందే చెప్పగలగడం వాటి ఉద్దేశం. తర్వాత 1982లో కార్పెంటర్, కూస్టన్ ఆ హద్దులను సవరించారు. అమెరికాలో ఇప్పటికీ ఎక్కువగా వాడేవి అవే.

మొదటి మెట్టులో పరగడుపు అక్కర్లేదు. 50 గ్రాముల గ్లూకోజ్ తాగిన గంటకు రక్తం తీస్తారు. 130, 135, 140లలో ఆసుపత్రి ఎంచుకున్న హద్దు దాటితే రెండో మెట్టు: పరగడుపున 100 గ్రాములు తాగి మూడు గంటలు కూర్చోవాలి, నాలుగుసార్లు సూది. 95, 180, 155, 140 హద్దుల్లో కనీసం రెండు దాటితేనే మధుమేహం. 50 గ్రాముల పరీక్షలో ఫెయిలైనంత మాత్రాన షుగర్ వచ్చినట్టు కాదు. అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఆ వారం రోజులు జరిగే కంగారులో చాలా భాగం ఈ తేడా తెలియకే. రెండో మెట్టుకు వెళ్లినవారిలో ఎక్కువ మంది మామూలుగానే బయటపడతారు.

ఈ పద్ధతిలో మేలు ఏమిటంటే, చాలామంది ఒక్క గంటతో, పరగడుపు లేకుండా బయటపడతారు. చిక్కు రెండో రాకలో ఉంది. మళ్లీ రమ్మంటే రాని చోట మొదటి మెట్టు వృథా. మన పల్లెల్లో ఈ పద్ధతి నిలబడకపోవడానికి కారణం శాస్త్రం కాదు, బస్సు చార్జీ, పోయిన కూలి.

మన ప్రభుత్వ పద్ధతి: డిప్సీ

చెన్నై వైద్యుడు వి. శేషయ్య ముందుండి నడిపించిన డిప్సీ (గర్భిణుల్లో మధుమేహాన్ని అధ్యయనం చేసే భారతీయ వైద్యుల బృందం) ఈ రెండో రాకనే తీసేసింది. ఆయన పుట్టినరోజు మార్చి 10ని దేశంలో గర్భధారణ మధుమేహ అవగాహన దినంగా పాటిస్తారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల్లో, 2018 సవరణలో ఈ పద్ధతినే తీసుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏఎన్‌ఎం చేసేది ఇదే.

గర్భిణి ఏమైనా తిని వచ్చిందా లేదా అన్నది అడగరు. 75 గ్రాముల గ్లూకోజ్‌ను సుమారు 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి 5 నుంచి 10 నిమిషాల్లో తాగిస్తారు. రెండు గంటలకు చక్కెర చూస్తారు. 140, ఆపైన ఉంటే గర్భధారణ మధుమేహం. అరగంటలోపు వాంతి అయితే పరీక్ష మర్నాటికి వాయిదా. అరగంట దాటాక అయితే కొనసాగించవచ్చు. గర్భం నమోదైన మొదటి రాకలోనే ఒకసారి, అందులో బాగుంటే 24-28 వారాల్లో మరోసారి చేస్తారు. రెంటికీ మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. 28 వారాలు దాటి తొలిసారి వచ్చినవారికి ఒక్కసారే చేస్తారు.

మొదటిసారి 'లేదు' అన్నాక రెండో పరీక్షను వదిలేయడం క్షేత్రంలో తరచు కనిపించే లోపం. తొలి నెలల్లో మామూలుగా ఉండడం ఏ భరోసా ఇవ్వదు, ఎందుకంటే మాయ అసలు పని మొదలుపెట్టేది ఆ తర్వాతే. తల్లీబిడ్డల కార్డులో మొదటి గడి నిండి రెండోది ఖాళీగా ఉంటే సగం పరీక్షే అయినట్టు.

శాస్త్రపరంగా డిప్సీ మీద వాదం ఇంకా తెగలేదు. చిత్రమేమిటంటే వాదానికి రెండు వైపులా చెన్నై పరిశోధకులే ఉన్నారు. 2009లో వచ్చిన అధ్యయనంలో 800 మంది గర్భిణులకు ముందు తిండితో సంబంధం లేకుండా, తర్వాత పరగడుపున పరీక్ష చేస్తే రెండూ సరిపోలాయి. తమిళనాడులోనే 1,031 మంది మీద చేసి 2014లో ప్రచురించిన మరో అధ్యయనం దానికి పూర్తిగా ఎదురు. పరగడుపు పరీక్షతో 1999 హద్దుల ప్రకారం తేలిన వారిలో, తిని వచ్చి చేయించుకున్న పరీక్ష పట్టుకున్నది 27.7 శాతాన్నే. మధుమేహం లేనివారిని లేదనడంలో మాత్రం అది 97 శాతానికి పైగా సరిగ్గా చెప్పింది. అంటే డిప్సీలో 'ఉంది' అని వస్తే నమ్మవచ్చు, 'లేదు' అన్నదానికి అంత బలం లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఒంటి తీరులోనే కొంత జవాబుంది. రెండు గంటల ముందు ఇడ్లీ తిని వచ్చినామె క్లోమం అప్పటికే మేలుకుని ఉంటుంది. కాలేయం చక్కెర వదలడం తగ్గించి ఉంటుంది. ఆ మీదట తాగిన గ్లూకోజ్‌ను ఒళ్లు పరగడుపున కన్నా సులువుగా సర్దుకుంటుంది. కాబట్టి రెండు గంటల అంకె తక్కువగా రావచ్చు. 'తిని వస్తే షుగర్ ఎక్కువ చూపిస్తుంది' అని జనం అనుకునేదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

రెండో కారణం ఇంకా సూటిది: ఈ పద్ధతి పరగడుపు చక్కెరను కొలవనే కొలవదు. హాపోలో కొత్త హద్దుల ప్రకారం తేలినవారిలో సుమారు 55 శాతం పరగడుపు అంకెతోనే పట్టుబడ్డారు. కానీ బ్యాంకాక్, హాంకాంగ్ కేంద్రాల్లో అది నాలుగో వంతు దగ్గరే ఆగింది. అక్కడ గ్లూకోజ్ తాగాక పెరిగే చక్కెరే ఎక్కువ. జాతిని బట్టి, తిండిని బట్టి ఈ పాళ్లు ఇంతగా మారుతున్నప్పుడు, పాశ్చాత్య కేంద్రాల లెక్కలు చూసి డిప్సీని కొట్టిపారేయడం తొందరపాటే.

ట్యూబులో తరిగిపోయే చక్కెర

హద్దుల మీద ఇంత చర్చ జరుగుతుంది గానీ, రక్తం సూదిలోంచి యంత్రం దాకా వెళ్లే దారి మీద ఎవరూ మాట్లాడరు. ట్యూబులో పడ్డ రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర తరిగిపోతుంది. పరగడుపున 94 ఉన్న రక్తం గంటసేపు బల్ల మీద ఉంటే 88 చూపిస్తుంది. 92 హద్దుకు ఇటున్న మనిషి అటు వెళ్లిపోయింది.

బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది కదా, అది ఆపదా? ఆపుతుంది, కానీ ఆలస్యంగా. కణం గ్లూకోజ్‌ను కరిగించే వరుసలో ఫ్లోరైడ్ అడ్డుకునేది చివరి దశల్లో ఒకదాన్ని. పై దశలు స్తంభించేసరికి గంట, రెండు గంటలు పడుతుంది, ఆలోపు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. సిట్రేట్ కలిపిన ట్యూబైతే తరుగును వెంటనే ఆపుతుంది. అది లేకపోతే ట్యూబును వెంటనే ఐసులో పెట్టి, అరగంటలోపు ప్లాస్మాను (కణాలు పోగా మిగిలే ద్రవాన్ని) వేరుచేయడమే మార్గం. పొద్దున ఊళ్లో రక్తం తీసి మధ్యాహ్నం పట్నానికి పంపే సేకరణ కేంద్రంలో 'పరగడుపున 86' అని వస్తే దాన్ని అనుమానంతోనే చూడాలి.

గ్లూకోజ్ పొడితోనూ ఒక మెలిక ఉంది. 75 గ్రాములు అన్నది నీటి అణువు లేని గ్లూకోజ్ లెక్క. బజారులో దొరికే డెక్స్‌ట్రోజ్ చాలావరకు మోనోహైడ్రేట్, అంటే ప్రతి అణువుతో ఒక నీటి అణువు అంటుకుని ఉంటుంది. అదైతే 82.5 గ్రాములు తూచాలి. 75 గ్రాములే తూస్తే గర్భిణికి అందేది 68 గ్రాములు. పరీక్ష కోసం తయారైన ప్యాకెట్ అయితే దాని మీద ఏ రూపమో చూసుకుంటే సరిపోతుంది. డబ్బాలోంచి చెంచాలతో కొలవడం మాత్రం పరీక్ష కాదు.

ఇక గ్లూకోమీటర్. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 పైన ఉన్న అంకెల్లో 15 శాతం వరకు తేడా ఉన్నా ఆ మీటరు పాసైనట్టే. అసలు విలువ 140 అయితే మీటరు 119 చూపినా 161 చూపినా ప్రమాణానికి లోబడే ఉందన్నమాట. గ్లూకోజ్ తాగాక వేలికొన రక్తంలో చక్కెర సిర రక్తంలో కన్నా కొంత ఎక్కువే ఉంటుంది. రక్తం పలచబడ్డ గర్భిణుల్లో చాలా మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. వీటన్నిటికన్నా మామూలు తప్పు ఇంకొకటుంది: గ్లూకోజ్ నీళ్లు కలిపిన, గ్లాసు పట్టుకున్న వేళ్లు జిగటగా ఉంటాయి. సబ్బుతో కడగకుండా గుచ్చితే మీటరు కొలిచేది వేలి మీది చక్కెరను. కడిగి, తడి పూర్తిగా ఆరాక గుచ్చాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే గాలిలోని తేమకు అవి పాడవుతాయి.

హెచ్‌బీఏ1సీ ఎందుకు చాలదు

ఒక్క సూదితో, పరగడుపు లేకుండా అయిపోతుంది కాబట్టి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చాలదా అని చాలామంది అడుగుతారు. గర్భంలో ఎర్రకణాలు త్వరగా మారిపోతుంటాయి. కొత్త కణానికి చక్కెర అంటుకునే సమయం తక్కువ కాబట్టి అంకె తగ్గుతుంది. ఇనుము లోపం ఉంటే దీనికి వ్యతిరేకంగా అంకె పెరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 52.2 శాతం గర్భిణులకు రక్తహీనత ఉంది. ఒకే మనిషిలో ఒకటి పైకి, ఒకటి కిందికి లాగుతుంటే మిగిలే అంకెకు అర్థం చెప్పడం కష్టం. తొలి నెలల్లో 6.5, ఆపైన వస్తే గర్భానికి ముందునుంచే మధుమేహం ఉందని చెప్పడానికి మాత్రం పనికొస్తుంది. మూత్రంలో చక్కెర పరీక్ష అసలు లెక్కలోకి రాదు. గర్భంలో మూత్రపిండాలు మామూలు చక్కెరనూ కొంత వదిలేస్తాయి.

వల పెద్దదైతే మేలు ఎంత?

చికిత్స వల్ల మేలుందన్నదానిలో వివాదం లేదు. ప్రధానంగా ఆస్ట్రేలియాలో 1,000 మంది మీద జరిగి 2005లో వచ్చిన అధ్యయనంలో, చికిత్స పొందినవారి బిడ్డల్లో తీవ్ర సమస్యలు 4 శాతం నుంచి 1 శాతానికి తగ్గాయి. హద్దు తగ్గించి ఇంకా చాలామందిని వలలోకి లాగితే ఆ మేలు అదే పాళ్లలో పెరుగుతుందా అన్నదే ప్రశ్న.

అమెరికాలో 23,792 మందితో చేసిన 2021 అధ్యయనంలో ఒక మెట్టు పద్ధతితో (నేరుగా పరగడుపున 75 గ్రాములు) 16.5 శాతానికి, రెండు మెట్ల పద్ధతితో 8.5 శాతానికి మధుమేహం తేలింది. పెద్ద బిడ్డలు, సిజేరియన్లు, ఇతర ముప్పుల్లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరగడుపుతో రెండు గంటల పరీక్ష చేయించుకోవాల్సినవారిలో మూడో వంతు దానికి దూరంగా ఉండిపోయారు. రెండు మెట్ల గుంపులో అలా మానినవారు 8 శాతమే. కార్లున్న దేశంలోనే పరగడుపు ఇంత భారమైతే, తొలి బస్సుకు ఆరోగ్య కేంద్రానికి వచ్చే గర్భిణి సంగతి వేరే చెప్పాలా. న్యూజీలాండ్‌లో 4,061 మందితో చేసిన 2022 అధ్యయనమూ అలాగే తేల్చింది: తక్కువ హద్దులతో 15.3 శాతం, ఎక్కువ హద్దులతో 6.1 శాతం. పెద్ద బిడ్డలు ఒక గుంపులో 8.8 శాతం, మరో గుంపులో 8.9. అయితే రెండు హద్దుల మధ్య పడ్డవారిని విడిగా చూస్తే చికిత్స పొందినవారిలో పెద్ద బిడ్డలు తగ్గారు. కాబట్టి ఆ మధ్యవారికి మేలు అసలే లేదని చెప్పడానికి లేదు. మొత్తం లెక్కలో అది కరిగిపోయింది.

20 వారాల లోపే చికిత్స మొదలుపెడితే ఎలా ఉంటుందో 2023లో వచ్చిన టొబొగ్మ్ అధ్యయనం చూసింది. పుట్టిన బిడ్డల్లో సమస్యలు 30.5 నుంచి 24.9 శాతానికి తగ్గాయి. మేలు ఎక్కువగా చక్కెర బాగా పెరిగినవారిలోనే కనిపించింది. స్వల్పంగా పెరిగినవారికి చికిత్స చేస్తే బరువు తక్కువ బిడ్డలు ఎక్కువయ్యారు. తక్కువ బరువు కాన్పులు మొదటినుంచీ సమస్యగా ఉన్న మన దగ్గర దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

చేతిలో రెండు రిపోర్టులున్నప్పుడు

డిప్సీలో 140 దాటితే మళ్లీ పరగడుపు పరీక్ష చేయించి దాన్ని చెరిపేయాలని చూడడం అనవసరం. మొదటి చికిత్స ఆహారమార్పే, దానివల్ల నష్టం లేదు. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం రెండు వారాలు ఆహార నియమం పాటించాక, తిన్న రెండు గంటలకు చక్కెర 120 లోపు ఉంటే మందు అక్కర్లేదు. ఆపైన ఉంటే మెట్‌ఫార్మిన్ లేదా ఇన్సులిన్. డిప్సీ 'లేదు' అన్నా తల్లిదండ్రులకు మధుమేహం, ముందు కాన్పులో పెద్ద బిడ్డ, అధిక బరువు వంటివి ఉంటే, పరగడుపు చక్కెర ఒక్కటైనా చూడమని అడగడం సబబు.

పరగడుపు పరీక్షకు వెళ్లేవారు అంతకు ముందు మూడు రోజులు అన్నం మానకూడదు. 'రేపు టెస్టు కదా' అని కడుపు కట్టుకుంటే మర్నాడు ఒళ్లు గ్లూకోజ్‌ను సరిగా సర్దుకోలేక అంకె ఎక్కువ చూపిస్తుంది. రాత్రి తిన్నాక కనీసం 8 గంటల ఎడం ఉండాలి. మంచినీళ్లు తాగవచ్చు. గ్లూకోజ్ తాగడం మొదలుపెట్టినప్పటి నుంచి గడియారం లెక్క. మధ్యలో బయట తిరిగి రావడం, టీ తాగడం కుదరదు. నెలలు నిండకుండా కాన్పయ్యే భయంతో బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ సూది వేసి ఉంటే కొన్ని రోజులపాటు చక్కెర పెరిగే ఉంటుంది. ఆ రోజుల్లో చేసిన పరీక్షతో తీర్పు చెప్పకూడదు.

కాన్పు తర్వాత చేయాల్సిన పరీక్షే అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోతుంది. మాయ పడిపోగానే చక్కెర సాధారణంగా దిగిపోతుంది, మీటరు మామూలు అంకె చూపిస్తుంది, అక్కడితో అందరూ మరిచిపోతారు. అయితే గర్భధారణ మధుమేహం వచ్చిన తల్లికి తర్వాతి ఏళ్లలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం రానివారికన్నా 7 రెట్లకు పైగా ఉంటుందని 2009లో అధ్యయనాలన్నీ కలిపి వేసిన లెక్క చెప్పింది. ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాముల పరీక్ష చేస్తారు. రెండు గంటల అంకె 140 లోపు ఉంటే మామూలు, 140-199 అయితే మధుమేహానికి ముందు దశ, 200 ఆపైన మధుమేహం. కాన్పులో రక్తం పోయి ఉంటుంది కాబట్టి అప్పుడూ హెచ్‌బీఏ1సీ నమ్మకమైనది కాదు. ఆరు వారాలంటే బిడ్డకు మొదటి పెంటావాలెంట్ టీకా వేయించే సమయం. బాలింత ఎలాగూ బిడ్డను ఎత్తుకుని అదే ఆరోగ్య కేంద్రానికి వస్తుంది.